జపాన్ పాత కారు మోజు: రాయగడ, పర్లాకిమిడి వైపు వాళ్ళకి కొన్ని లెక్కలు

జపాన్ వేలంలో లక్ష రూపాయలకే కారు పోతోంది, విశాఖ రేవు పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకి చేరే దూరం, మరి తెప్పించుకుంటే ఏం పోయింది? ఒడిశాలోని రాయగడ, గునుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్ళు తిప్పి తిప్పి అడిగేది ఇదే. ఒక్క ముక్కలో చెప్పాలంటే కుదరదు. ఎందుకు కుదరదో తెలిస్తే దానికి బదులు ఏం కొనుక్కోవచ్చో, కొన్నాక ఏం చూసుకోవాలో కూడా తేలుతుంది.

మన దిగుమతి విధానం ప్రకారం వాడిన కారు తయారైన తేదీ నుంచి మూడేళ్ళు దాటకూడదు. స్టీరింగ్ కుడిచేతి వైపు ఉండాలి, స్పీడోమీటర్ కిలోమీటర్లలో చూపించాలి, హెడ్‌లైట్ల వెలుగు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కి తగ్గట్టు పడాలి. జపాన్ బళ్ళకి ఈ మూడూ పుట్టుకతోనే ఉంటాయి కాబట్టి జనానికి ఆశ పుడుతుంది. కానీ అక్కడితో అయిపోదు. ఓడ ఎక్కే ముందు అక్కడి తనిఖీ సర్టిఫికెట్ కావాలి. దిగాక పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థలో పరీక్ష నెగ్గాలి. ఇంకో ఐదేళ్ళు రోడ్డు మీద తిరగగలదని, సర్వీసు దొరుకుతుందని హామీ చూపించాలి. దించుకోవాల్సిన రేవు ముంబై. గోపాలపురం, విశాఖ రేవులు ఎంత దగ్గరైనా లెక్కలోకి రావు.

వీటన్నిటినీ దాటినా సుంకం దగ్గర కథ తెమిలిపోతుంది. వాడిన కార్ల మీద బేసిక్ డ్యూటీ చాలాకాలం 125 శాతం, దాని మీది సెస్ కూడా కలిపితే 137.5. 2025 బడ్జెట్‌లో దాన్ని 70కి దించారని పేపర్లో చూసి సంబరపడినవాళ్ళు ఉన్నారు. వ్యవసాయ మౌలిక వసతుల సెస్ రూపంలో మిగతాది మళ్ళీ అక్కడే కలిపారు. మొత్తం భారం ముందులాగే 137.5 శాతం దగ్గరే నిలిచింది. ఓడ కిరాయి, బీమా కలుపుకుని ఐదు లక్షలు పడ్డ కారు కస్టమ్స్ గేటు దగ్గరే 11 లక్షల 87 వేలు అవుతుంది. ఐజీఎస్టీ, అంటే దిగుమతుల మీద వేసే జీఎస్టీ, ఆ మొత్తం మీద పడుతుంది. ఆ డబ్బుతో ఇక్కడ కొత్త కారే వస్తుంది.

విదేశంలో రెండేళ్ళు పైబడి ఉండి తిరిగొచ్చేవాళ్ళకి ఒక కారు వెంట తెచ్చుకునే వీలుంది గానీ సుంకంలో మాఫీ లేదు. యాభై ఏళ్ళు దాటిన వింటేజ్ బళ్ళ దారి వేరు. వాటికి 2021లో ప్రత్యేక రిజిస్ట్రేషన్ వచ్చింది, నంబరులో ‘వీఏ’ అని ఉంటుంది, మొదటి రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20 వేలు, రోజువారీ తిరగడానికి పనికిరాదు. కుర్రాళ్ళు మోజుపడే తొంభైల నాటి సిల్వియా, సుప్రా లాంటి స్పోర్ట్స్ కార్లు ఈ రెండు దారుల్లోనూ పట్టవు.

జపాన్‌లో అంత చవకగా ఎందుకు పోతాయంటారా? కొత్త కారుకి మూడేళ్ళకి, ఆ తర్వాత రెండేళ్ళకోసారి ‘షాకెన్’ అనే తనిఖీ ఉంటుంది. పన్నులు, బీమా కలిసి ప్రతిసారీ బాగానే వదులుతుంది. పదమూడేళ్ళు దాటిన పెట్రోల్ కారుకి వాహన పన్ను కూడా పెరుగుతుంది. అందుకని ఓనరు ఇంకో తనిఖీకి డబ్బు పెట్టడం కంటే వదిలించుకోవడమే మేలనుకుంటాడు. బండి చెడిపోయి కాదు, లెక్క కుదరక అమ్ముతాడు.

మనవాళ్ళు కెన్యా, టాంజానియా, న్యూజిలాండ్ వైపు ఉద్యోగాలకి వెళ్ళినప్పుడు కొనేవి దాదాపు ఇవే బళ్ళు. కెన్యాలో ఎనిమిదేళ్ళ లోపు బండినే రానిస్తారు. అక్కడున్న తమ్ముడికో బావమరిదికో పనికొస్తుంది కాబట్టి వేలం షీటు చదవడం ఎలాగో చెప్పేస్తాను. పైన ఒక అంకె ఉంటుంది: 4.5, 4 అంటే శుభ్రమైన బండి. 3.5 అంటే వయసుకి తగ్గ గీతలు, చొట్టలు ఉన్నది. ‘ఆర్’ గానీ ‘ఆర్‌ఏ’ గానీ ఉంటే యాక్సిడెంట్ అయి బాగుచేసినదని. పక్కన లోపలి భాగానికి ఏ నుంచి ఈ దాకా అక్షరం ఇస్తారు. కింద కారు బొమ్మ మీద గుర్తులు ఉంటాయి: ‘ఏ’ గీత, ‘యు’ చొట్ట, ‘డబ్ల్యూ’ డెంటింగ్ చేసిన చోటు, ‘ఎస్’ తుప్పు, ‘సీ’ తినేసిన లోహం, రెండు ‘ఎక్స్’లు ఉంటే ఆ ప్యానెల్ మార్చేశారు. పక్కనున్న అంకె పెరిగేకొద్దీ నష్టం పెద్దది. చాలామంది పై అంకె చూసి ఊరుకుంటారు, నేనైతే ముందు ‘ఎస్’, ‘సీ’ ఎక్కడున్నాయో వెతుకుతాను. మంచు పడే ఉత్తరాది నుంచి వచ్చిన బండికి పైన 4 ఉన్నా అడుగున రోడ్డు మీద చల్లిన ఉప్పు తినేసి ఉండొచ్చు.

ఇక మన దగ్గర ‘జపాన్ నుంచి డైరెక్టుగా వచ్చింది, పేపర్లు క్లియర్’ అంటూ పాత లాండ్ క్రూయిజరో పజేరోనో చూపించేవాళ్ళ సంగతి. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్ళు ‘ఆపరేషన్ నుమ్‌ఖోర్’ పేరుతో సోదాలు చేసింది ఇలాంటి బళ్ళ మీదే. భూటాన్ మీదుగా దొంగచాటుగా వచ్చి, వేరే రాష్ట్రాల్లో నకిలీ కాగితాలతో రిజిస్టరై, చేతులు మారిన బళ్ళని పట్టుకున్నారు. ఆర్‌సీ అసలుదే అయినా కింద దిగుమతి కాగితం లేకపోతే ఆఖరికి చేతిలో ఉన్నవాడిదే నష్టం.

కాబట్టి చాసిస్ నంబరు దగ్గర మొదలుపెట్టండి. మన దేశంలో తయారైన మారుతికి నంబరు ‘ఎంఏ3’తో, టొయోటా కిర్లోస్కర్‌కి ‘ఎంబీజే’తో, హోండాకి ‘ఎంఏకే’తో మొదలవుతుంది. జపాన్‌లో తయారై ఎగుమతి అయినదానికి ముందు అక్షరం ‘జే’. జపాన్ సొంత మార్కెట్ కోసం చేసిన కార్లకి పదిహేడు అక్షరాల నంబరు ఉండనే ఉండదు. మోడల్ కోడ్, చిన్న గీత, ఆ తర్వాత అంకెలు, అంతే. ‘జే’ నంబరో, గీత ఉన్న పొట్టి నంబరో కనిపిస్తే అమ్మేవాణ్ణి బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌లో దాఖలు చేసిన దిగుమతి పత్రం), సుంకం కట్టిన చలాన్ అడగండి. ‘అవన్నీ పాత ఓనరు దగ్గరున్నాయి’ అన్నాడా, టీ తాగేసి వచ్చేయండి. రేడియో కూడా ఒక సాక్షి. జపాన్ ఎఫ్ఎం 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, పాత సెట్లు 90తో ఆగిపోతాయి. మన స్టేషన్లు చాలావరకు అంతకు పైన ఉంటాయి కాబట్టి దాదాపు ఏదీ పలకదు.

మనకి అందేవి

అలా వడగడితే మిగిలేవి జపాన్ డిజైనుతో మన దేశంలో పుట్టిన పాత బళ్ళు. ఈ బంధం పాతదే. జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ లారీలు తయారైన రోజులు మన పెద్దవాళ్ళకి గుర్తే. మారుతి 800, జెన్, ఎస్టీమ్, జిప్సీ, 1998 నాటి మొదటి తరం హోండా సిటీ, అదే ఏడు తమిళనాడులోని తిరువళ్ళూరులో హిందుస్తాన్ మోటార్స్ మొదలుపెట్టిన మిత్సుబిషి లాన్సర్, 2000లో వచ్చి 2005లో ఇన్నోవాకి చోటిచ్చిన టొయోటా క్వాలిస్.

నా ఓటు మన వైపు రోడ్లకి క్వాలిస్‌కే. లాడర్ ఫ్రేము, వెనక లీఫ్ స్ప్రింగులు, ‘2ఎల్’ అనే పేరున్న 2446 సీసీ డీజిల్ ఇంజను, ఎలక్ట్రానిక్స్ దాదాపు శూన్యం. పార్వతీపురంలో బాగు చేయగలరు, కోరాపుట్‌లోనూ చేయగలరు. ఎక్కుడు మీద బద్ధకం, అది ఒప్పుకోవాల్సిందే. సిటీ నడపడానికి సరదాగా ఉంటుంది. లాన్సర్ అందం, ఓపిక రెండూ ఉన్నవాళ్ళకి. జిప్సీ రేట్లు ఈమధ్య వెర్రితలలు వేశాయి. ఆ ధర పెట్టడం నాకైతే అర్థం కాదు.

కాగితాలు ముందు, కారు తర్వాత

మన సరిహద్దు జిల్లాల్లో అసలు చిక్కు ఇంజను దగ్గర రాదు, రెండు రాష్ట్రాల ఆఫీసుల మధ్య వస్తుంది. బండి శ్రీకాకుళందో విజయనగరందో, కొనేవాడి ఇల్లు రాయగడలోనో గజపతి జిల్లాలోనో. మధ్యలో బ్రోకరు: ‘ఎన్‌ఓసీ వారంలో వచ్చెత్తాది బావూ, ముందు బండి అట్టుకెళ్ళిపోండి.’ పట్టుకెళ్ళకండి. డబ్బు మొత్తం చేతులు మారాక ఎన్‌ఓసీ (పాత ఆర్‌టీఓ ఆఫీసు ఇచ్చే ‘అభ్యంతరం లేదు’ పత్రం) మీద అతనికి ఉన్న ఆసక్తి సగానికి సగం పోతుంది.

పద్ధతి ఇది. బండి నంబరు పెట్టి ఎంపరివాహన్ యాప్‌లో చూస్తే ఎన్నో ఓనరు, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా, బీమా, పొల్యూషన్, బ్యాంకు తాకట్టు, బ్లాక్‌లిస్ట్ అన్నీ కనిపిస్తాయి. ఈ-చలాన్లు విడిగా చూసుకోండి, అవి బాకీ ఉంటే ఎన్‌ఓసీ కదలదు. తాకట్టు ఉంటే బ్యాంకు లేఖతో పాటు ఫారం 35 వేసి తీయించాలి. అప్పు ఎప్పుడో పదేళ్ళ కిందే తీరిపోయినా రికార్డులో అలాగే ఉండిపోయిన బళ్ళు బోలెడు. ఆ తర్వాత ఫారం 28, అదే ఎన్‌ఓసీ దరఖాస్తు. దాని మీద చాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు అతికించాలి. పల్చటి కాగితం నంబరు మీద పెట్టి పెన్సిల్‌ని పడుకోబెట్టి రుద్దితే అక్షరాలు తేలతాయి. ఈ పని బ్రోకరుకి వదలకుండా మీరే చేయండి. రుద్దేటప్పుడు చుట్టూ వెల్డింగ్ గీత, గ్రైండింగ్ మరక, ఒక అంకె మిగతావాటి కంటే లోతుగా ఉండటం వేలికే తెలిసిపోతుంది. ఎస్టీమ్, సిటీ, లాన్సర్‌లకి బానెట్ ఎత్తితే వెనక ఫైర్‌వాల్ (ఇంజనుకి, సీట్ల భాగానికి మధ్య ఉండే రేకు) మీద చూడండి, క్వాలిస్‌కి కింద ఫ్రేము మీద చూడండి. మట్టి, తుప్పు గీకి మరీ చదవాలి.

ఎన్‌ఓసీలో ఏ ఆర్‌టీఓకి అని రాస్తారో అదే ముఖ్యం. గునుపురంలో ఉండేవాడికి రాయగడ, అంటే ఓడీ 18. పర్లాకిమిడి వాడికి గజపతి, ఓడీ 20. జయపురం వాడికి కోరాపుట్, ఓడీ 10. బరంపురం వాడికి గంజాం, ఓడీ 07. మీ ఆధార్‌లో చిరునామా ఇంకా పలాసలోనో బొబ్బిలిలోనో ఉంటే ముందు దాన్ని సరిచేసుకోండి. ఎన్‌ఓసీ ఒక ఊరికి, చిరునామా ఇంకో ఊరికి అయితే మళ్ళీ మొదటికొస్తుంది.

ఎన్‌ఓసీ చేతికొచ్చాక పేరు మార్పుకి ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, కొత్త నంబరుకి ఫారం 27. బండి రాష్ట్రం దాటి అమ్మితే అమ్మినవాడు 45 రోజుల్లో తెలపాలి, కొన్నవాడికి 30 రోజులు. ఒక రాష్ట్రం నంబరుతో ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకి మించి ఉంచకూడదని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. ఆంధ్రా నంబరుతో ఏళ్ళ తరబడి రాయగడలో తిరిగే బళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. పట్టుకునేదాకా బాగానే ఉంటుంది. ఒడిశాలో బండి వయసుకి తగ్గ పన్ను కట్టాక, ఆంధ్రాలో కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు. అందుకు పాత ఓనరు సంతకాలు కావాలి కాబట్టి అమ్మకం రోజే తీసుకుని ఉంచుకోండి, తర్వాత ఆయన ఫోను ఎత్తడు.

ఓఆర్ నంబరుతో ఉన్న పాత ఒడిశా బండి కొంటే ఇంకో మెలిక ఉంది. 2012లో ఓఆర్ పోయి ఓడీ వచ్చింది. పాత నంబర్లు చెల్లుతాయి, కానీ పుస్తకం రూపంలో ఉన్న కొన్ని ఆర్‌సీలు వాహన్ డేటాబేస్‌లోకి ఎక్కలేదు. ఆన్‌లైన్‌లో ‘రికార్డు లేదు’ అని వస్తే పాత ఓనరు చేతే ఆఫీసులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించమనండి. ఆ ఎంట్రీ కనిపించేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు.

పదిహేనేళ్ళు నిండితే ఫారం 25తో రెన్యువల్. గడువుకి 60 రోజుల ముందు నుంచి వేయొచ్చు, ఫిట్‌నెస్ తనిఖీ ఉంటుంది, అయితే ఐదేళ్ళు వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఫీజు 600 నుంచి 5 వేలకి పెరిగింది. దిగుమతి కారుకి 40 వేలు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటినవాటికి మళ్ళీ పెంచారు: మామూలు కారు 10 వేలు, దిగుమతిది 80 వేలు. ఆలస్యమైతే నెలకి 500. క్వాలిస్, సిటీ, లాన్సర్ మొదటి బ్యాచ్‌లన్నీ ఇప్పుడు ఆ ఇరవై దాటిన గుంపులోనే ఉన్నాయి. బేరంలో ఈ పది వేలు, హై సెక్యూరిటీ నంబరు ప్లేటు, ఫిట్‌నెస్ కోసం చేయాల్సిన లైట్లు, బ్రేకుల ఖర్చు ముందే తీసేయండి. గడువు తీరిన ఆర్‌సీ మీద సాధారణంగా ఎన్‌ఓసీ రాదు కాబట్టి రెన్యువల్ పాత ఆఫీసులోనే, అమ్మేవాడి ఖర్చుతోనే అయ్యాక బండి కదలాలి.

ఇంజను దగ్గరికొస్తే

ఈ తరం జపాన్ ఇంజన్లలో చాలావాటికి టైమింగ్ బెల్టే, అంటే క్రాంక్‌తో పాటు వాల్వుల్ని నడిపే క్యామ్‌ని తిప్పే పళ్ళ బెల్టు. 2ఎల్‌కి లక్ష కిలోమీటర్లకోసారి మార్చాలి. మీటరు ఎంత చూపించినా, ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. డీజిల్‌లో బెల్టు తెగితే పిస్టన్ వెళ్ళి వాల్వులకి కొడుతుంది, హెడ్ విప్పాల్సిందే. బెల్టుతో పాటు టెన్షనర్, ఐడ్లర్ బేరింగులు, క్యామ్, క్రాంక్ ముందు ఆయిల్ సీళ్ళు కలిపే మార్చండి. బెల్టు ఒక్కటే మార్చి, పాత సీలు కారి ఆ ఆయిల్‌కి కొత్త బెల్టు నాని పళ్ళు ఊడిన బళ్ళు చాలానే. లాన్సర్ డీజిల్‌కి రెండో బెల్టు కూడా ఉంది, ఇంజను అదురు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్టులది. అది సన్నగా, లోపలగా ఉంటుంది. మెకానిక్ ‘అది బానే ఉంది సార్’ అని వదిలేస్తాడు. అది తెగితే ముక్కలు పోయి పెద్ద బెల్టులో పడతాయి.

సిటీలో ఉండే హోండా డి-సిరీస్ ఇంజను సంగతి వేరు. అది మిగతా ఇంజన్లకి ఎదురు దిశలో, ముందు నుంచి చూస్తే గడియారానికి వ్యతిరేకంగా తిరుగుతుంది. మార్కులు కలిపేటప్పుడు అలవాటు కొద్దీ రెండో వైపు తిప్పితే టెన్షనర్ వదులై ఒక పన్ను జారుతుంది, బండి స్టార్టవుతుంది గానీ లాగదు. కొత్త మెకానిక్ అయితే పని మొదలుపెట్టకముందే ఈ మాట చెప్పండి. వాటర్ పంప్ కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది, కాబట్టి అదీ ఒకేసారి.

సిటీకి ఇంకో పేరుమోసిన జబ్బు ఉంది. మే నెలలో రాయగడ ఎండలో గంట నిలబెట్టి వచ్చి తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు. తలుపులు తీసి గాలి తగలనిస్తే కాసేపటికి మామూలే. చాలామంది పెట్రోల్ పంపు మార్చేస్తారు. ముందు డాష్‌బోర్డు కింద ఉండే మెయిన్ రిలేని చూడండి. తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు పంపు గుయ్‌మని వినిపించాలి. వినిపించకపోతే రిలే విప్పి, డబ్బా మూత ఊడదీసి, బోర్డు వెనక టంకం చుక్కల్ని భూతద్దంతో చూస్తే కాళ్ళ చుట్టూ వెంట్రుకంత పగులు ఉంగరంలా కనిపిస్తుంది. వేడికి ఆ పగులు విచ్చుకుని కనెక్షన్ పోతుంది. టీవీ మెకానిక్ దగ్గర పది నిమిషాల పని, పాత టంకం పీల్చేసి కొత్తది పెట్టించండి.

క్వాలిస్‌లో భయపడాల్సింది వేడికి. 2ఎల్ హెడ్ ఒకసారి బాగా వేడెక్కితే పగిలే అవకాశం ఉంది. కొనేముందు ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించండి. నీళ్ళలో ఆగకుండా బుడగలు వస్తున్నా, నిమిషంలోనే పై హోసు రాయిలా గట్టిపడినా గ్యాస్ కూలెంట్‌లోకి పోతోందన్నమాట. ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి నురగ ఉంటే బేరమే వద్దు. చల్లగా ఉన్నప్పుడు చూడాలి అన్నాను కదా, అమ్మేవాళ్ళు మీరు రాకముందే ఇంజను వేడిచేసి పెడతారు. బానెట్ మీద చెయ్యి వేసి చూడండి.

మన మెకానిక్‌లకి థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) అంటే ఎందుకో పగ. వేడెక్కుతోందంటే చాలు, పీకి పారేస్తారు. పీకేస్తే ఇంజను పనిచేసే వేడికి రాదు, డీజిల్ తాగుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. జామైన రేడియేటర్‌ని రాడింగ్ (విప్పి గొట్టాల్లో ఊచ దూర్చి శుభ్రం చేయడం) చేయించకుండా దాచిపెట్టడానికే ఇది పనికొస్తుంది. బోరు నీళ్ళు పోయకండి, ఉప్పు పేరుకుంటుంది. డిస్టిల్డ్ నీళ్ళు, కూలెంట్ సగం సగం.

పొట్టంగి, సిమిలిగుడ చలికి పొద్దున్నే తెల్లటి పొగతో కష్టపడి స్టార్టయితే గ్లో ప్లగ్గులు, అంటే స్టార్టయ్యే ముందు డీజిల్ సిలిండర్లని వేడిచేసేవి, చూడాలి. నాలుగూ విప్పి మల్టీమీటర్ పెట్టండి. ఒక ఓమ్ దగ్గర్లో చూపిస్తే బతికున్నట్టు, అనంతం చూపిస్తే కాలిపోయినట్టు. ఒకటి పోతే నాలుగూ మార్చండి.

ఘాట్ గురించి. కోరాపుట్ నుంచి సుంకి మీదుగా సాలూరు దిగేటప్పుడు బ్రేకు పెడల్ మెత్తబడి కిందికి పోయిందంటే చాలాసార్లు లైనింగుల తప్పు కాదు, ఆయిల్ తప్పు. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీలుస్తుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తది 205 డిగ్రీల దగ్గర మరిగితే, తేమ పట్టింది 140కే మరగొచ్చు. డాట్ 4కి అవే 230, 155. మరిగితే పైపులో ఆవిరి, ఆవిరి నొక్కుకుపోతుంది, బ్రేకు పడదు. రెండేళ్ళకోసారి మొత్తం ఆయిల్ మార్చి గాలి తీయించండి, డాట్ 4 పోయండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, న్యూట్రల్‌లో వదలడం అనేది ఆలోచనే రాకూడదు.

తుప్పు సంగతి బరంపురం, గోపాలపురం, ఇచ్ఛాపురం వైపు బళ్ళకి మరీ ముఖ్యం. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తలుపు కింది సిల్స్, వెనక చక్రాల ఆర్చిలు, స్ట్రట్ టవర్ చుట్టూ జరుపుతూ పోండి. పట్టు వదిలిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. డ్రైవరు పక్క కార్పెట్ ఎత్తి నేలని బొటనవేలితో నొక్కండి. తలుపుల అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు కోరాపుట్ ఎర్రమట్టితో పూడిపోతాయి, వానాకాలం అంతా లోపల నీళ్ళు నిలుస్తాయి. సైకిల్ పుల్లతో వాటిని తెరవడం ఏ ఖర్చూ లేని పని.

పాత పెట్రోల్ బళ్ళకి ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కొత్త తలనొప్పి. కార్బొరేటర్ 800, జెన్, ఎస్టీమ్‌లలో పాత రబ్బరు హోసులు, మెకానికల్ పంపు డయాఫ్రం దానికి తగ్గట్టు చేసినవి కావు. హోసు ఉబ్బి మెత్తబడుతుంది, ట్యాంకులో పాత తుప్పు ఊడి ఫిల్టరు మూసుకుంటుంది. ఇంధన లైన్లకి జే30ఆర్9 అని అచ్చు ఉన్న హోసు వేయించండి, మొదటి రెండు మూడు నెలలు ఫిల్టరు తరచుగా మార్చండి. నెలల తరబడి నిలబెట్టే బండిలో ట్యాంకు సగం ఖాళీగా వదలకండి, ఆ ఖాళీలోని గాలి తేమని ఇథనాల్ లాగేసి అడుగున నీళ్ళలా విడిపోతుంది.

విడిభాగాల కోసం బండి పేరు చెప్పి అడిగితే దుకాణంవాడు తన దగ్గరున్నదే ఇస్తాడు. పార్ట్ నంబరుతో అడగండి. హోండా టైమింగ్ బెల్టు నంబరు 14400తో, సుజుకిది 12761తో మొదలవుతుంది. పాత మిత్సుబిషి ఇంజను భాగాలవి ‘ఎండీ’తో. కంపెనీ డబ్బా దొరక్కపోతే ఆ కంపెనీకే సరఫరా చేసే ఐసిన్, డెన్సో, ఎన్‌జీకే, కేవైబీ, బాండో లాంటివి చాలు, ధర తక్కువ. మారుతి, టొయోటా సామాను విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో, గాజువాక ఆటోనగర్‌లో వెతకండి. వాడిన భాగాలకి చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి పేరున్న చోట్లు. వాడినవాటిలో రేకు, అద్దాలు, లైట్లు, గేర్‌బాక్సు తెచ్చుకోవచ్చు. సీళ్ళు, బుష్షులు, బ్రేకు భాగాలు మాత్రం వాడినవి వద్దు. లాన్సర్ సామాను గల్ఫ్‌లో ఇంకా బాగానే దొరుకుతుంది, ఉద్దానం వైపు ఇంటికొకరు అక్కడున్నారు కాబట్టి సెలవుకి వచ్చేవాళ్ళ చేత చిన్నవి తెప్పించుకుంటారు. పాత ముక్క ఫొటో కంటే దాని మీది నంబరు ఫొటో పంపండి.

బెల్టులు, హోసులు ముందే రెండు సెట్లు కొని అటకెక్కించకండి. కవరులో ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. కొనేటప్పుడు బెల్టు వీపు మీద అచ్చయిన తేదీ కోడ్ చదివించుకోండి, దుకాణంలో ఏళ్ళ తరబడి పడున్న సరుకైతే ధర ఎంత తగ్గించినా వెనక్కిచ్చేయండి.